చుక్క ఎక్కడ పెట్టారు?

మన పత్రికకి లెక్కల గురించి రాస్తానంటే ఎడిటర్ అక్క కాసేపు నా వైపు చూసి, "ఈక్వేషన్లు మాత్రం వద్దు తల్లీ" అంది. లేవక్కా. ఇందులో ఉన్నది ఒక్క చుక్క. నా గొడవంతా దాని గురించే.

2023 డిసెంబర్ 5, మంగళవారం. నేనప్పుడు ఇంటర్ సెకండియర్. తుఫాను సెలవులు. టీవీలో, ఫోన్లో ఎక్కడ చూసినా ఒకటే మ్యాప్. బంగాళాఖాతం, అందులో పైకి పాక్కుంటూ వచ్చిన ఒక గీత, ఆ గీత ఒడ్డుని తాకేచోట ఎర్ర చుక్క, దాని పక్కన "బాపట్ల". మిచౌంగ్ తుఫాను. హైదరాబాద్ నుంచి పిన్ని, బెంగళూరు నుంచి అన్నయ్య, పెళ్ళిళ్ళప్పుడు తప్ప ఫోన్ చెయ్యని డాలస్ మామయ్య, అందరిదీ ఒకటే మాట: "మీ ఊరి మీదే దాటుతోందంట కదా!" మధ్యాహ్నం పన్నెండున్నరకీ రెండున్నరకీ మధ్య బాపట్లకి కాస్త దక్షిణంగా తీరం దాటింది. గాలి గంటకి 90 నుంచి 100 కిలోమీటర్లు. మా వీధిలో కరెంటు పోయింది. ఎదురింటివాళ్ళ మునగచెట్టు పడింది. మా డాబా మీద ట్యాంకు మూత ఎగిరిపోయింది, ఇప్పటికీ దొరకలేదు. అంటే మ్యాప్‌లో చుక్క ఉన్నది మా నెత్తి మీద, మాకు పోయింది ట్యాంకు మూత.

పోయింది మా పెద్దనాన్నకి. ఆయనకి రేపల్లె వైపు ఎకరంన్నర చేను. పొడుగ్గా, పట్టీలా ఉంటుంది. రోడ్డు వైపు మెరక, మురుగుకాలువ వైపు పల్లం. తుఫాను వచ్చేనాటికి వరి కోసి పనల మీద ఉంది. నీళ్ళు నాలుగు రోజులు నిలబడ్డాయి. తర్వాత రోడ్డు వైపు దిగిపోయాయి గానీ పల్లంలో పనలు నానుతూనే ఉన్నాయి, కంకులకి తెల్లగా మొలకలొచ్చాయి.

పంట నష్టం రాసుకోడానికి ఒకాయన వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. బండి దిగి, రోడ్డు పక్క గట్టు మీద నిలబడి ఫోన్ తీశారు. ఫోన్ పక్క చేను సర్వే నంబర్ చూపించింది. రెండడుగులు లోపలికి వేశారు. ఇప్పుడు పెద్దనాన్న నంబర్ వచ్చింది. ఫోటో తీశారు. అక్షాంశం, రేఖాంశం, టైము, అన్నీ ఫోటో మీద పడ్డాయి. "బాబూ, ఆ పల్లం చెక్కలోకి కూడా ఒక్కసారి రండి" అన్నాడు పెద్దనాన్న. ఆయన బురద వైపు చూసి, విసుక్కోకుండానే, "ఎక్కడ తీసినా చేను ఒకటేగా అండీ" అన్నారు.

33 శాతం దాటితేనే నష్టం కింద లెక్క. పెద్దనాన్న చేను ఆ గీత కింద ఆగిపోయింది.

ఆ వచ్చినాయన చెడ్డవాడు కాదు. ఆ రోజు అలాంటి చేలు ఇంకెన్ని తిరగాలో. కానీ "ఎక్కడ తీసినా చేను ఒకటే" అన్న మాట నన్ను రెండేళ్ళుగా వదల్లేదు. ఎందుకంటే ఇక్కడ సీఎస్ఈలో చేరాక నేను చేసినదంతా అదే. సీ లాబ్‌లో మనందరం రాసిన మొదటి స్ట్రక్చర్ గుర్తుందా? పాయింట్. అందులో ఒక ఎక్స్, ఒక వై. అంతే. ఆ పాయింట్ ఎవరు తీశారు, ఎక్కడ నిలబడి తీశారు, చుట్టూ ఎంత మేర దానిదేనని నమ్మొచ్చు, వీటికి అందులో చోటు లేదు. మార్కులు మాత్రం పదికి పది.

నేను చదివింది ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. బిందువు అన్న మాట ఇంటర్ దాకా నాకు తెలీదు, పాయింటే. సిగ్గుపడాల్సిన సంగతి ఏంటంటే, తెలుగులో లెక్కల పుస్తకం రాసిన మొదటివాడిగా చెప్పే పావులూరి మల్లన ఊరు ఇంకొల్లు దగ్గరి పావులూరే అంటారు. అంటే మా బాపట్ల జిల్లానే. వెయ్యేళ్ళ కిందట మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని ఆయన తెలుగు పద్యాల్లో పెట్టాడు. నేను "పాయింట్" అనకుండా ఒక్క వాక్యం చెప్పలేకపోతున్నాను. సరే, దాని మీద ఇంకో వ్యాసం రాయొచ్చు.

స్కూల్లో నేర్పింది ఇది: పాయింట్‌కి పొడుగు లేదు, వెడల్పు లేదు, చోటు మాత్రం ఉంది. యూక్లిడ్ రెండు వేల మూడొందల ఏళ్ళ కిందటే దాన్ని ముక్కలు చెయ్యలేనిదని చెప్పాడు. మా టీచర్ ఇలా చెప్పి వెంటనే చాక్‌పీస్‌తో బోర్డు మీద టక్‌మని ఒక చుక్క కొట్టింది. ఆ చుక్కకి వెడల్పు ఉంది. అది ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అక్కడే మనందరికీ ఒక తప్పు అలవాటైంది. బిందువంటే "చాలా చిన్న చుక్క" అనుకున్నాం. కాదు. బిందువంటే, "ఈ పనికి దీని సైజుతో నాకు అవసరం లేదు" అని మనం తీసుకునే నిర్ణయం. భూమిని బిందువనుకుని సూర్యుడి చుట్టూ తిప్పొచ్చు, తప్పు లేదు. అదే భూమి మీద గుంటూరు బస్సు ఎక్కాలంటే అది బిందువు కాదు. నిర్ణయం అన్నాక, అది ఎవరు తీసుకున్నారు, దేన్ని వదిలేశారు అని అడగొచ్చు. చిన్న చుక్కని ఏమడుగుతాం?

నిజానికి నాకు చుక్కని మొదట చూపించింది స్కూలు కాదు, నాయనమ్మ. ధనుర్మాసంలో తెల్లారకముందే లేపేది. "పదకొండు చుక్క, సందు చుక్క, ఆరు దాకా" అనేది. మధ్య వరసలో పదకొండు, అటూ ఇటూ ఒక్కోటి తగ్గుతూ ఆరు వరకు. మొత్తం 91 చుక్కలు (లెక్కపెట్టి చూసుకోండి). నేను పెడితే వంకర, ఆవిడ పెడితే దారం పట్టినట్టు.

చుక్కల ముగ్గుల్లో రెండు జాతులున్నాయి. గీత చుక్క నుంచి చుక్కకి పోయే ముగ్గు ఒకటి. చుక్కని అసలు తాకకుండా దాని చుట్టూ మెలికలు తిరిగే ముగ్గు ఇంకోటి. మొదటిదాంట్లో ఒక్క చుక్క రెండు వేళ్ళు జరిగితే నక్షత్రం కాస్తా పీతలా తయారవుతుంది. అక్కడ చుక్కకి చోటే ప్రాణం, దూరమే ప్రాణం. జ్యామితిలో బిందువు అలాంటిది. మెలికల ముగ్గులో చుక్క కొంచెం అటూ ఇటూ అయినా కొంప మునగదు. గీత కొంచెం సాగుతుంది, కొంచెం వంగుతుంది. కానీ ఏ చుక్క గీత లోపల ఉంది, ఏది బయట ఉంది అన్నది మారితే ముగ్గే మారిపోతుంది. టోపాలజీలో బిందువు ఇలాంటిది. నేలలో ఒక మేకు కొట్టి దాని చుట్టూ తాడు ఉచ్చు వేసి లాగండి. మేకు ఉన్నంతసేపూ ఉచ్చు అక్కడే పట్టుకుంటుంది. మేకు పీకేస్తే తాడు చేతిలోకి వచ్చేస్తుంది. అక్కడ బిందువు చేసే పని "నేను ఇక్కడున్నాను" అని చెప్పడం కాదు, "నన్ను దాటి పోలేవు" అని చెప్పడం.

ఇదేదో నేను భక్తితో చెప్తున్న మాట కాదు. మద్రాసులో గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్ ముగ్గురూ కలిసి 1974లోనే కోలం ముగ్గుల మీద కంప్యూటర్ సైన్స్ పేపర్ వేశారు. మనకి ఫార్మల్ లాంగ్వేజెస్‌లో వచ్చే గ్రామర్లనే, అక్షరాల వరసకి బదులు చుక్కల పట్టికకి వాడారు. ఆ ధైర్యంతో నేనూ ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. సరి చుక్కలు దీర్ఘచతురస్రంలా పెట్టి, మధ్యలో ఎక్కడా అడ్డం లేకుండా మామూలు మెలిక తిప్పుకుంటూ పోతే, మొత్తం ముగ్గుకి ఎన్ని విడి గీతలు పడతాయి? నాలుగు చుక్కలు, ఐదు వరసలు: ఒకటే గీత, చెయ్యి ఎత్తక్కర్లేదు. నాలుగు, ఆరు: రెండు గీతలు. ఆరు, ఆరు: ఆరు గీతలు. మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది, అది ఆ రెండు అంకెల జీసీడీ. నేను గంతులేస్తూ నాయనమ్మకి చెప్పాను. "చదరంగా పెడితే ఒక్క గీతలో రాదని నాకెప్పుడో తెలుసు. దానికి కంప్యూటరెందుకే?" అంది.

తుఫానుకి వద్దాం. తుఫానులో బిందువు అబద్ధం కాదు, అది ముందు ఒప్పుకోవాలి. తుఫాను చుట్టూ దూరంగా ఒక పెద్ద చుట్టు తిరిగి వస్తూ, ప్రతిచోటా గాలి ఎటు వీస్తోందో బాణం గుర్తు వేసుకున్నారనుకోండి. మీరు ఒక చుట్టు తిరిగేసరికి బాణం కూడా సరిగ్గా ఒక చుట్టు తిరిగి ఉంటుంది. అంతే, లోపలికి వెళ్ళక్కర్లేదు. లోపల ఎక్కడో గాలి పూర్తిగా ఆగిన చోటు కనీసం ఒక్కటైనా ఉండి తీరాలని టోపాలజీ చెప్పేస్తుంది. దాన్ని ఏ తెలివితోనూ తప్పించలేం, చుట్టూ ఉన్న గాలే దాన్ని పుట్టిస్తుంది. మెలికల ముగ్గులో చుక్కలాగే. నాయనమ్మ 1977 తుఫాను గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ ఒక మాట అంటుంది: "కాసేపు గాలి ఆగిపోయింది, అయిపోయిందనుకుని తలుపు తీశాం. తర్వాత ఎదురువైపు నుంచి కొట్టింది." ఆవిడ ఆ బిందువు లోపల నిలబడి వచ్చింది. నేను దాన్ని బోర్డు మీద మాత్రమే చూశాను.

కానీ అదే 1977 చూడండి. నవంబర్ 19న ఆ తుఫాను తీరం దాటింది చీరాల, నిజాంపట్నం వైపు. ఇప్పటి మ్యాప్‌లాంటిది అప్పుడుంటే ఎర్ర చుక్క మా జిల్లాలో పడేది. చనిపోయినవాళ్ళు వేలల్లో, లెక్కల్లో చెప్పేది పది వేల దాకా. అందులో ఎక్కువమంది పోయింది చుక్క దగ్గర కాదు, కృష్ణకి అవతల దివిసీమలో. కారణం వింత కాదు. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. తుఫాను పడమరగా, ఉత్తరంగా వస్తుంటే, వచ్చే దారికి కుడిచేతి వైపు గాలి సముద్రాన్ని ఒడ్డు మీదకి తోస్తుంది. ఎడమచేతి వైపు గాలి భూమి మీద నుంచి సముద్రంలోకి పోతుంది. దివిసీమ కుడిచేతి వైపు ఉంది. పైగా చదునైన నేల, లోతు తక్కువ సముద్రం. చుక్క సరైన చోటే ఉంది, కానీ చావు ఇంకో చోట ఉంది. ఆ ఉప్పెనకి పేరు దివిసీమ పేరే మిగిలింది. తీరం దాటిన బిందువు పేరు ఈ రోజు ఎవరికీ గుర్తులేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

అందుకే నాకు డాలస్ మామయ్య మీద కోపం లేదు గానీ, మ్యాప్ మీద ఉంది. తీరం దాటే చోటు మీద ఒక చుక్క వేసి ఊరి పేరు రాసేస్తే, ఆ ఊరివాళ్ళు భయపడతారు, పక్క ఊరివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. రెండూ తప్పు కావచ్చు. వాతావరణ శాఖ వేసే మ్యాపుల్లో గీత చుట్టూ శంకువులాంటి నీడ ఉంటుంది, ఇంత మేర ఎటైనా పోవచ్చు అని. టీవీకి వచ్చేసరికి నీడ పోయి చుక్క మిగులుతుంది. నీడే అసలు సమాచారం.

ఇప్పుడు పెద్దనాన్న గట్టు. ఫోన్‌కి అది ఎవరి చేనో ఎలా తెలిసింది? మన గ్రాఫిక్స్ వాళ్ళకి తెలిసిన చిట్కానే. చేను హద్దు ఒక మూసిన గీత. మీరు నిలబడ్డ బిందువు నుంచి ఒకవైపుకి తిన్నగా ఒక గీత లాగి, అది హద్దుని ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టడం. బేసి అయితే లోపల, సరి అయితే బయట. చిన్నపిల్లలకి కూడా చెప్పొచ్చు. కానీ తనని తాను కోసుకోని మూసిన గీత ఏదైనా, ఎంత వంకర తిరిగినా, తలాన్ని లోపల, బయట అని రెండు ముక్కలే చేస్తుందని నిరూపించడానికి 1887లో కమీ జోర్డాన్ అనే ఫ్రెంచి ఆయన పూనుకుంటే, అది పూర్తిగా కుదిరిందా లేదా అని తర్వాతివాళ్ళు చాలాకాలం వాదించుకున్నారు. అంత లోతైన టోపాలజీ ఆ రోజు పెద్దనాన్న గట్టు మీద పని చేసింది. చేసి, పక్కవాళ్ళ నంబర్ చూపించింది.

తప్పు జోర్డాన్‌ది కాదు. మామూలు ఫోన్ ఆరుబయట, ఆకాశం బాగా కనిపించేచోట కూడా మనం ఉన్న చోటుని 5 మీటర్ల అటూఇటుగా చెప్తుంది. గట్టు వెడల్పు ఎంత? ఒక మనిషి నడిచేంత. 5 మీటర్ల వెడల్పున్న "బిందువు"ని తీసుకొచ్చి, వెడల్పే లేని బిందువు కోసం రాసిన సిద్ధాంతంలో పెట్టాం. సిద్ధాంతం అవును, కాదు అనే రెండు జవాబులే ఇస్తుంది, "గట్టు మీదున్నావు, నాకు తెలీదు" అనే జవాబు దానికి లేదు. ఆ జవాబు ప్రోగ్రాం రాసినవాళ్ళు పెట్టాలి. అంటే రేపు మనం.

సరైన సర్వే నంబర్ వచ్చాక కూడా సమస్య తీరలేదు, అదే అసలు కథ. ఎకరంన్నర మొత్తానికి ఒక్క బిందువు మాట్లాడింది. ఇది పెద్దనాన్నకే జరిగేదీ కాదు, ఒక్క ఫోటోతోనే జరిగేదీ కాదు. వానని కొలవడం చూడండి. వర్షమాపకం నోరు ఒక చిన్న గిన్నెంత ఉంటుంది. అందులో పడ్డ నీళ్ళని బట్టి చుట్టూ కొన్ని ఊళ్ళకి ఇంత వాన పడింది అంటాం. అమెరికాలో థీసెన్ అనే ఆయన 1911లో దీనికొక పద్ధతి చెప్పాడు. ప్రతి చోటునీ దానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న వర్షమాపకానికి అప్పగించడం. మ్యాప్ తేనెపట్టులా గదులుగా చీలుతుంది, ఒక్కో గదికి ఒక్కో మాపకం పెద్ద. అల్గారిథమ్స్ క్లాసులో దీన్నే వొరొనాయ్ అంటాం. నాకు ఈ పద్ధతిలో నచ్చేది ఏంటంటే, ఇది తన మోసాన్ని దాచుకోదు. "ఈ బిందువు ఇంత మేరకి మాట్లాడుతోంది" అని గీత గీసి చూపిస్తుంది. గది మరీ పెద్దదైతే చూడగానే తెలుస్తుంది, ఇక్కడ ఇంకో మాపకం పెట్టాలని. పెద్దనాన్న ఫోటోకి అలాంటి గది ఎవరూ గీయలేదు. గీసి ఉంటే అది చేను మొత్తం అయ్యేది, ఎవరో ఒకరు "ఇదేంటి" అని అడిగేవారు.

ఇంతదాకా చదివినవాళ్ళలో ఒకరైనా "మరి బిందువులు మానేద్దామా?" అంటారు. క్లబ్‌లో ఈ డ్రాఫ్ట్ చదివినప్పుడు మెకానికల్ అన్న ఒకాయన అదే అన్నాడు, "పాయింట్లు లేకుండా మా ఫైనైట్ ఎలిమెంట్ ఏమవ్వాలి?" అని. నిజమే. వాతావరణ అంచనా కూడా గాలిని గళ్ళు గళ్ళుగా కోసి ఒక్కో గడికి లెక్క కట్టడమే. మన దేశంలో 12 కిలోమీటర్ల గడి ఉన్న మోడల్ నుంచి 2025 మేలో 6 కిలోమీటర్ల గడికి వచ్చారు, భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అని. 6 కిలోమీటర్లంటే మా వైపు మధ్యలో ఇంకో రెండు ఊళ్ళు పడతాయి. అయినా మెరుగే. నేను బిందువులు వద్దనడం లేదు. వాటిని వాడేటప్పుడు నోరు మూసుకోవద్దంటున్నాను.

అసలు బిందువు చోటు గురించే ఉండాలని కూడా లేదు. ఇది నాకు నేర్పింది సి.ఆర్. రావు గారు. కల్యంపూడి రాధాకృష్ణారావు, 1920లో ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్ళారు. 1945లో, పాతికేళ్ళయినా పూర్తిగా నిండకుండా, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్లో ఒక పేపర్ వేశారు. అందులో సగం, క్లాసులో ఒక స్టూడెంట్ అడిగిన ప్రశ్నకి వెతుక్కున్న జవాబు. (అడిగే స్టూడెంట్లున్న క్లాసు! కుళ్ళుగా ఉంది.) ఆ సగం స్టాటిస్టిక్స్ చదివే అందరికీ తెలుసు, క్రామర్-రావు అని. నాకు మతి పోయింది మిగతా దాంట్లోని ఒక ఆలోచనకి. ఒక సంభావ్యతా విభాజనాన్ని, అంటే ఏది ఎంత తరచుగా జరుగుతుందో చెప్పే మొత్తం పట్టికని, ఒక బిందువు అనుకోమన్నారు. అలాంటి బిందువులన్నీ కలిసి ఒక ఉపరితలం. దాని మీద దూరాన్ని స్కేలుతో కాదు, "ఈ రెండిటినీ డేటా చూసి విడదియ్యడం ఎంత సులువు" అన్నదాంతో కొలవాలన్నారు.

మా ఊరి ఉదాహరణ చెప్తాను. బీపీటీ 5204, మీరు సాంబ మసూరి అని తినేదే, 1986లో విడుదలైంది. బీపీటీ అంటే బాపట్ల. రెండు బస్తాల విత్తనాలు ఉన్నాయి, ఒకటి 50 శాతం మొలుస్తుంది, ఇంకోటి 51 శాతం. ఇంకో జత, 98 శాతం, 99 శాతం. మామూలుగా తీసేస్తే రెండు జతల్లోనూ తేడా ఒకటే, 1. రావు గారి దూరం ప్రకారం రెండో జత తేడా మొదటిదానికి నాలుగు రెట్లకి పైనే. ఆలోచిస్తే నిజమే కదా. వంద గింజలకి రెండు చచ్చేదానికీ ఒకటి చచ్చేదానికీ రైతు తేడా పట్టేస్తాడు, ఒకటి రెండోదానికి సగం. యాభైకీ నలభై తొమ్మిదికీ ఎవరు పడతారు? ఇక్కడ బిందువు ఎంత లావుగా ఉందో చూడండి. దాని లోపల ఒక బస్తా మొత్తం అనిశ్చితి ఉంది. దాన్ని పారెయ్యకుండా, దాంతోనే జ్యామితి కట్టారు. తర్వాత తర్వాత అది ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే పెద్ద శాఖ అయ్యింది. 2023లో ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు, ఆ పేపర్ వచ్చిన 78 ఏళ్ళకి. అదే సంవత్సరం ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో పోయారు. ఆ వార్త నేను రీల్ కిందకి తోసేశాను, ఎవరో తెలీదు కాబట్టి. డిసెంబర్లో తుఫాను. ఇవి రెండూ ఒకే సంవత్సరం అని మొన్న రాస్తుంటే గమనించాను.

ఇంకా ముందుకి వెళ్ళినవాళ్ళున్నారు. బిందువుల్ని అసలు మొదలు పెట్టకుండా, చోట్లతో, అంటే ఒకదాంట్లో ఒకటి ఇమిడే ప్రాంతాలతో మొదలుపెట్టి టోపాలజీ కట్టారు. అవసరమైతే బిందువు చివర్లో వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. పీటర్ జాన్‌స్టన్ అనే ఆయన 1983లో దీని గురించి రాసిన వ్యాసం పేరు "ద పాయింట్ ఆఫ్ పాయింట్‌లెస్ టోపాలజీ". మన భాషలో, "పాయింట్లే లేకపోతే పాయింటేంటి?" నాకు లోపలి లెక్క పూర్తిగా అర్థం కాలేదు, అబద్ధం ఎందుకు. కానీ రైతు భూమిని చూసేది అలాగే అనిపించింది. పెద్దనాన్నకి చేనంటే బిందువులు కావు. మెరక, పల్లం, పల్లంలో మళ్ళీ గుంట చెక్క, కాలువ పక్క చవుడు. అన్నీ ప్రాంతాలే. మనం మధ్యలో వెళ్ళి ఆయన్ని ఒక అక్షాంశం, ఒక రేఖాంశం అడుగుతాం.

ఈ సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు ఒక పని చేశాను. ముందు గట్టు మీద, ఆ రోజు ఆయన నిలబడ్డచోటే నిలబడి, ఫోన్‌తో ఐదేసి నిమిషాలకి ఒకసారి ఇరవైసార్లు నా చోటు రాసుకున్నాను. నేను కదల్లేదు. ఇరవై బిందువులూ ఇరవై చోట్ల పడ్డాయి, ఆరు పక్క చేలో. తర్వాత మేస్త్రీలు వాడే లెవల్ పైపు అడిగి తెచ్చుకున్నాం, నీళ్ళు పోసి రెండు కొసలు పట్టుకునేది. ఒక కొస పెద్దనాన్న, ఒక కొస నేను. ఫోన్ ఎత్తు సరిగ్గా చెప్పదు, పైపులో నీళ్ళు అబద్ధం చెప్పవు. చేను పొడుగునా ముప్పై చోట్ల ఎత్తు కొలిచాం. ఎక్కడ కొలిచామో తెలియడానికి నాయనమ్మ ముగ్గు డబ్బా తీసుకెళ్ళి ఒక్కోచోట ఒక్కో చుక్క పెట్టాను. సాయంత్రానికి వరికోసిన మోళ్ళ మధ్య ముప్పై తెల్లచుక్కలు.

రోడ్డు కొసకీ కాలువ కొసకీ తేడా మూరెడుకి కొంచెం తక్కువ. చేనంతట్లో అన్నిటికన్నా ఎత్తు చుక్క, ఆ రోజు ఫోటో తీసిన చోట ఉంది.

పెద్దనాన్న కాగితం వైపు చూశాడు, చేను వైపు చూశాడు. ఇదేం కొత్త సంగతి కాదు ఆయనకి, రెండేళ్ళ కిందట నోటితో చెప్పిందే. "ఈ కాగితం చూపిస్తే ఒప్పుకుంటారా?" అన్నాడు. తెలీదన్నాను. ముగ్గు డబ్బా నా చేతిలోంచి తీసుకుని పల్లం చెక్కలోకి దిగాడు. అన్నిటికన్నా కింద ఉన్న చుక్క దగ్గర ఆగి, దాని మీద ఇంకో గుప్పెడు పిండి పోసి, కాలితో చుట్టూ ఒక గీత తిప్పాడు.

"వానొస్తే పోద్దిగా పెద్దనాన్నా" అన్నాను.

"పోతే మళ్ళీ పెడతాలే. ముందు నువ్వు ఆ పైపు కొస పట్టుకో, చీకటి పడతంది" అన్నాడు.